అంగుళం కప్పకి అయిదెకరాల చెరువు అక్కర్లేదు

మన దేశంలో చిత్తడి నేలలకి ఒక లెక్క ఉంది. ఉపగ్రహ చిత్రాలు చూసి తీసిన లెక్క. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కాపాడమని చెప్పిన 2,01,503 చిత్తడి నేలలు ఆ లెక్కలోవే. అందులో చోటు దక్కాలంటే విస్తీర్ణం 2.25 హెక్టార్లు దాటాలి, అంటే దాదాపు అయిదున్నర ఎకరాలు. దేశం మొత్తాన్ని ఆకాశం నుంచి చూస్తున్నప్పుడు ఎక్కడో ఒకచోట గీత గియ్యక తప్పదు. దాన్ని నేను తప్పుపట్టను. ఆ గీత కింద మిగిలిపోయిన నీళ్ల సంగతి ఊళ్లో కూడా ఎవరూ అడగకపోవడమే నా పేచీ.

నేను చెప్పబోయే నీళ్లు విశాఖపట్నంలో మధురవాడ వైపు ఒక ఖాళీ ప్లాటులో ఉన్నాయి. ఉన్నాయి అనడం కంటే, వచ్చి పోతుంటాయి అనాలి. జూన్‌లో నాలుగు గట్టి వానలు పడ్డాక వస్తాయి, మధ్యలో ఎండ కాస్తే ఇగిరిపోతాయి, మళ్లీ వస్తాయి, తుఫాన్ల కాలం అయ్యాక పూర్తిగా పోతాయి. నాలుగు మంచాలు వేసేంత జాగా. లోతు చీలమండ దాకా. ఏప్రిల్‌లో వెళ్లి చూస్తే నెర్రెలిచ్చిన ఎర్రమట్టి, ఎవరో పారబోసిన టైల్స్ ముక్కలు, తుమ్మ మొక్కలు, అంతే. ఇక్కడ ఆరు నెలల కింద నీళ్లుండేవి, అందులో వేల ప్రాణాలుండేవి అంటే నమ్మడం కష్టం. రిజిస్ట్రేషన్ కాగితాల్లో అది ఇన్ని గజాల ఇంటి స్థలం. చెరువు కాదు, గెడ్డ (వాగు) కాదు, అడవి కాదు.

ఆ నీళ్లలో ఉండే కప్పని శాస్త్రవేత్తలు మైక్రోహైలా ఆర్నేటా అంటారు. 1841లో డుమెరిల్, బిబ్రాన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు దాన్ని మొదటిసారి వర్ణించారు. మనకైతే అది ఉత్త చిన్నకప్ప. నేను బుల్లికప్ప అంటాను. ముక్కు కొస నుంచి పిరుదు దాకా కొలిస్తే మామూలుగా అంగుళం దాటదు. మగది ఇంకా చిన్నది, రూపాయి బిళ్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటే సరిపోతుంది. తల సన్నం, పొట్ట వెడల్పు, పైనుంచి చూస్తే ముక్కోణం. లేత గోధుమరంగు వీపు మీద ఒక ముదురు మచ్చ కళ్ల మధ్య మొదలై కిందికి వచ్చేకొద్దీ విప్పారుతుంది. నోరు చిన్నది కాబట్టి తిండి కూడా చిన్నదే: చీమలు, చెదలు, ఎండుటాకుల కింద తిరిగే కంటికి ఆనని పురుగులు. బాత్‌రూమ్ గోడకి అతుక్కుని మనల్ని హడలగొట్టే చెట్టుకప్పకీ, వాన పడగానే పసుపు పూసుకున్నట్టు మారిపోయి పొలం గట్ల మీద గర్జించే పెద్ద కప్పకీ ఉన్నంత పేరు దీనికి లేదు.

పేరు లేకపోయినా గొంతు మాత్రం ఉంది. మొదటి పెద్ద వాన పడిన రాత్రి కొమ్మాది, పరదేశిపాలెం, ఎండాడ వైపు ఇంకా ఖాళీ జాగాలు మిగిలిన చోట నిలబడి వినండి. దువ్వెన పళ్ల మీద గోరుతో గట్టిగా గీసినట్టు, గరగరమని, ఆగి ఆగి ఒక మోత. ఒకటి మొదలుపెడితే పక్కది అందుకుంటుంది, కాసేపటికి ఆ చోటంతా అదే. చాలామంది కీచురాయి అనుకుంటారు. టార్చి వేసి వెతికితే ఒక్కటీ కనపడదు, ఎందుకంటే మగకప్ప నీటి అంచున గడ్డి దుబ్బు కింద దూరి, నల్లటి గొంతు బుడగలా ఉబ్బించి అరుస్తుంది. మనం అడుగు వెయ్యగానే మొత్తం బంద్. లైటు ఆర్పి ఓపిగ్గా నిలబడితే మళ్లీ మొదలు. మా వీధి చివర కడుతున్న అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ది శ్రీకాకుళం వైపు ఊరు. నేను అలా నిలబడి ఉండటం చూసి నవ్వాడు. "ఏటి బాబూ, ఈటినా అంతలా సూస్తన్నారు? మా దుక్కుల్లో ఇయి బోల్డు. వాన పడిన రేతిరి గుడ్లెట్టేస్తాయి, మర్నాడు సూస్తే పిల్లలు." అతిశయోక్తి అనుకునేరు, కాదు. దీని గుడ్లు దాదాపు ఒక రోజులోనే పొదుగుతాయి.

ఆ తొందరలోనే దీని కథంతా ఉంది. ఆడకప్ప పెట్టే వందల గుడ్లు నీటి మీద ఒక్క పొరగా, పలచటి తెరలా తేలుతాయి. గుంటలో నీళ్లు వేడెక్కితే అడుగున ఆక్సిజన్ తగ్గిపోతుంది కాబట్టి పైన తేలడమే క్షేమం. తోకకప్పలు బయటికి వచ్చాక చూడాలంటే కాస్త కళ్లు చిట్లించాలి, ఒళ్లు అద్దంలా పారదర్శకం, లోపలి పేగులు, కళ్లు మాత్రమే కనపడతాయి. మామూలు తోకకప్పలకి రాళ్ల మీది నాచు గీరి తినడానికి గట్టి ముక్కులాంటి నోరు, వరసగా చిన్న పళ్లు ఉంటాయి. వీటికి అవేమీ లేవు. తోక కొసని సన్నగా అదిలిస్తూ నీటి మధ్యలో వేలాడుతూ, నీళ్లు మింగి, అందులోని సూక్ష్మమైన నాచుని వడకట్టుకుని తింటాయి. మరీ అటూ ఇటూ కాకపోతే దాదాపు నెల రోజుల్లో కాళ్లు మొలిచి, తోక కరిగి, ఈగంత కప్పపిల్లలై ఒడ్డెక్కుతాయి. ఈలోగా గుంట ఎండిపోతే అన్నీ అక్కడే ఎండిపోతాయి. అలా జరుగుతుంది కూడా. జూన్‌లో ఆశపెట్టి, తర్వాత వర్షాలు మొహం చాటేసిన ఏడాది అడుగున మట్టిపెచ్చుకి అంటుకుపోయిన నల్లటి చుక్కలు చూస్తే మనసు పాడవుతుంది.

"అలాంటప్పుడు ఎండిపోని చెరువులో గుడ్లు పెట్టుకోవచ్చు కదా?" అని ఎవరికైనా అనిపిస్తుంది. ముడసర్లోవ రిజర్వాయరు ఎంత దూరం? కానీ నిండుగా, ఏడాది పొడవునా నీళ్లుండే చోట చేపలుంటాయి. చేపలున్న చోట పారదర్శకంగా, పళ్లు లేకుండా, నీటి మధ్యలో తీరిగ్గా వేలాడే ప్రాణి ఎంతకాలం బతుకుతుంది? తూనీగ పిల్లలు, నీటి తేళ్లు కూడా పాత నీళ్లలోనే బలంగా ఉంటాయి. కొత్తగా నిండిన గుంటలో ఇవేవీ ఇంకా చేరి ఉండవు. ఆ నాలుగు వారాల శాంతి కోసమే బుల్లికప్ప ఎండిపోయే ప్రమాదాన్ని నెత్తినేసుకుంది. అది నీళ్లు దొరక్క గుంటలో సర్దుకుంటున్న బీద ప్రాణి కాదు. ఎండిపోవడమే ఆ గుంట గొప్పదనం.

నా వాదన మొత్తం ఇంతే, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే. మనం నీటిని కాపాడటం అంటే నీటిని శాశ్వతం చేయడం అనుకుంటాం. లోతు తవ్వుతాం, గట్టు కడతాం, చేపలు వదులుతాం. పెద్ద చెరువుకి అందులో కొన్ని మంచివే కావచ్చు. కానీ వచ్చిపోయే నీటి మీద బతికే ప్రాణికి ఆ దయ చావుదెబ్బ.

ప్రపంచంలో ఇంతకన్నా చిన్న కప్పలు చాలా ఉన్నాయి, ఆ రికార్డు మోజు కూడా చూద్దాం. పపువా న్యూగినీలో దొరికిన పీడోఫ్రైన్ అమావెన్సిస్ సగటు పొడవు 7.7 మిల్లీమీటర్లు, 2012లో ప్రకటించినప్పుడు ప్రపంచం మొత్తం వార్త అయింది. తర్వాత బ్రెజిల్ అడవుల్లోని బ్రాకిసెఫాలస్ పులెక్స్ అనే కప్పల్ని కొలిస్తే ఒక మగది 6.45 మిల్లీమీటర్లే ఉందని 2024లో తేలింది. మన పడమటి కనుమల్లో 2017లో ఒకేసారి ఏడు కొత్త రాత్రి కప్పల్ని ప్రకటించారు, వాటిలో నాలుగు పదహారు మిల్లీమీటర్ల లోపువే. బ్రెజిల్ కప్ప లాంటివి తోకకప్ప దశనే ఎగ్గొట్టేశాయి. తడి ఆకుల మధ్య గుడ్డు పెడితే అందులోంచి నేరుగా కప్పపిల్ల వస్తుంది. మనకి దగ్గర్లో, తూర్పు కనుమల తేమ అడవుల్లో ఉండే పొదకప్పలదీ అదే దారి. వాటికి అడవి నీడ, తేమ పోకుండా ఉంటే చాలు, గుంట అక్కర్లేదు. బుల్లికప్ప అలా కాదు. దానికి తడి ఆకులూ కావాలి, నీళ్లూ కావాలి, రెండూ పక్కపక్కనే కావాలి. వేసవంతా రాళ్ల కింద, పుచ్చిన దుంగల కింద, నేల పగుళ్లలో, చెదపుట్టల అంచున దాక్కుని, వాన చప్పుడుకి బయటికొచ్చి, తన పొట్టి కాళ్లతో చేరగలిగినంత దూరంలో గుంట ఉంటేనే సంతానం. అంగుళం కప్పకి మధ్యలో సీసీ రోడ్డు, దాని పక్క నిటారు కాలువ వస్తే చాలు, అవతలి నీళ్లు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

"అడవిలో ఉంటాయి లెండి, కంబాలకొండ ఉంది కదా" అంటారు. ఉంది. నగరాన్ని ఆనుకుని సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉండటం విశాఖ అదృష్టం, కాదనను. కానీ కంబాలకొండ ఎక్కువగా వాలు నేల. వాలు మీద వాన నీరు నిలవదు, దిగువకి పరుగెడుతుంది. నిలిచేది ఎక్కడ? కొండ పాదాన, చదును మొదలయ్యే చోట. అంటే సరిగ్గా మనం లేఅవుట్లు వేసిన చోట. సింహాచలం కొండలకీ, యారాడ కొండలకీ మధ్య పళ్లెంలా ఉన్న ఈ ఊరిలో వాన నీరంతా కొండల మీంచి దిగి, పల్లాల్లో కాసేపు ఆగి, గెడ్డల దారి పట్టి సముద్రానికి పోయేది. ఇప్పుడు మధ్యలో ఆ కాసేపు ఆగే చోటే లేదు. కొండ నుంచి తిన్నగా రోడ్డు మీదికి, రోడ్డు నుంచి తిన్నగా ఎవరి సెల్లార్‌లోకో. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను నాడు ఎన్ని సెల్లార్లలో కార్లు మునిగాయో ఊళ్లో అందరికీ గుర్తే. గుంటలు ఉంటే ఆ వరద ఆగిపోయేదని నేను చెప్పను, నాలుగు మంచాల గుంట తుఫానుని ఆపదు. కానీ నీళ్లు ఆగడానికి ఇష్టపడే చోటు ఏదో నేల మనకి ఏటా చెబుతూనే ఉంటుంది. దాన్ని పూడ్చి అక్కడే పునాది తీస్తాం.

ఖాళీ నేల అంటే పనికిరాని నేల అనే లెక్క ఒక్క విశాఖది కాదు. కర్ణాటకలో మణిపాల్ దగ్గర 2016లో మైక్రోహైలా లేటరైట్ అనే కొత్త కప్ప దొరికింది, మన బుల్లికప్పకి దాయాది, పొడవు సుమారు 1.6 సెంటీమీటర్లు. అది బతికేది జంబిట్ట (లేటరైట్) రాతి మైదానాల మీద వానాకాలం నిలిచే నీళ్లలో. ఆ మైదానాలు ప్రభుత్వ లెక్కల్లో బంజరు భూములు. రాయి కోసం తవ్వడానికీ, చెత్త పోయడానికీ పనికొచ్చేవిగానే వాటికి గుర్తింపు. రెండేళ్లకి, 2018లో, మంగళూరులో ఇంకో చిత్రం. మైక్రోహైలా కోడియాల్ అనే మరో కొత్త జాతి బయటపడింది. ఎక్కడ? ఫ్యాక్టరీల మధ్య, ఒకప్పుడు కలప దింపిన చోట. నగరం నడిబొడ్డున, పేరు కూడా పెట్టని ఒక జాతి అన్నాళ్లూ అరుస్తూనే ఉంది, వినేవాళ్లు లేక. మన బుల్లికప్ప సంగతే తీసుకున్నా, ఒకే జాతి అనుకున్న దాంట్లోంచే 2015లో బంగ్లాదేశ్‌లోని నీల్ఫామారి పేరు మీద ఒక కొత్త జాతిని విడదీశారు. చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉన్నా, డీఎన్ఏ, కొలతలు వేరు. రేవు, స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, వాటి చుట్టూ పెద్ద ప్రహరీలు, వాటి లోపల ఎవరూ అడుగుపెట్టని తుప్పల నేలలు ఉన్న మన ఊరికి మంగళూరు కథ మరీ దూరపు చుట్టం కాదు. విశాఖలో కొత్త జాతి ఉందని నేను అనడం లేదు. మనం చదును చేసేముందు ఒక్కసారి కూడా వినకుండా చదును చేస్తున్నాం అంటున్నాను.

ఇక దోమల దగ్గరికి వద్దాం. రాకుండా కుదరదు, ఎందుకంటే గుంట గురించి ఎవరితో మాట్లాడినా రెండో వాక్యం డెంగీనే.

మా కాలనీ అసోసియేషన్ మీటింగులో ఈ మాట ఎత్తాను. అసోసియేషన్ మీటింగ్ అంటేనే కప్పల తక్కెడ, అందులో కప్పల విషయం! పార్కులో ఈశాన్యం మూల పల్లంగా ఉంటుంది, వానాకాలం అక్కడ నీళ్లు నిలుస్తాయి. రెండు లోడ్లు గ్రావెల్ పోసి, పైన పేవర్ బ్లాకులు వేసి, బెంచీలు పెడదామని తీర్మానం. నేను వద్దన్నాను. ప్రెసిడెంట్ గారు పెద్దమనిషి, నా మీద అభిమానం ఉన్నాయన. "మాస్టారూ, మీరు చెప్పింది బాగానే ఉంది గానీ, మొన్న మా మనవడికి ప్లేట్‌లెట్లు ఎంతకి పడిపోయాయో తెలుసా? ఆ టెన్షన్ మీకు తెలీదు" అన్నారు. ఆ మాటకి ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టమే. మనవడి ప్లేట్‌లెట్ల ముందు కప్పని నిలబెట్టి గెలవాలని నేనూ అనుకోను.

కానీ డెంగీ దోమ ఎక్కడ పుడుతుందో చూస్తే వాదన తిరగబడుతుంది. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకి ఇంటి చుట్టూ ఉండే నీటి పాత్రలు ఇష్టం: కూలర్ ట్రే, మూతలేని డ్రమ్ము, పాత టైరు, కొబ్బరి చిప్ప, పూలకుండీ కింద ప్లేటు, మేడ మీద ట్యాంకు. మురికి కాలవలో పుట్టేది క్యూలెక్స్. మలేరియా తెచ్చే అనాఫిలిస్ వేరు, దానికి మంచినీటి మడుగులు, వాన గుంటలు కూడా పనికొస్తాయి. ఆ మాట దాచిపెడితే నేను నిజాయితీగా మాట్లాడినట్టు కాదు. 2022 దాకా పాడేరు ఏజెన్సీ మా జిల్లాలోదే, అక్కడి మలేరియా సంగతి తెలిసినవాళ్లం. కాబట్టి ప్రతి గుంటా పవిత్రం అనను. ఇంటి గోడకి ఆనుకుని, చెత్త కలిసి, సబ్బునీళ్లు చేరి నిలిచే మురికి గుంటని పూడ్చాల్సిందే. బుల్లికప్పకి కూడా అది మంచి చోటు కాదు, దాని చర్మానికి అలాంటి నీళ్లు పడవు. కప్ప నోటితో నీళ్లు తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. నీళ్లలో ఏముంటే అది ఒంట్లోకి పోతుంది.

కప్పలు దోమల్ని తినేస్తాయి కాబట్టి కప్పలుంటే దోమలుండవు అనే వాట్సాప్ వాదన కూడా నేను చెయ్యను. బుల్లికప్ప తోకకప్పలు నాచు వడకట్టుకుని తినేవి, దోమపిల్లల జోలికి పోవు. పసుపు రంగుకి మారే పెద్ద కప్ప తోకకప్పలైతే దోమపిల్లల్ని తింటాయి, నీటిపురుగులు ఇంకా ఎక్కువ తింటాయి. ఏ ఒక్క ప్రాణో దోమల్ని అదుపు చేయదు, గుంటలో నడిచే మొత్తం వ్యవహారం చేస్తుంది. ఇది ఊహ కాదని చెప్పే ఒక పరిశోధన 2022లో వచ్చింది. కోస్టారికా, పనామాల్లో ఒక శిలీంధ్ర వ్యాధి వచ్చి కప్పలు కుప్పకూలిన చోట్ల, ఆ తర్వాత కొన్నేళ్లు మలేరియా కేసులు పెరిగాయని లెక్కలతో చూపించారు. అది అక్కడి అడవుల సంగతి, మధురవాడకి ఎత్తిపోయలేం. అయినా కప్పలు పోతే మనుషులకేం నష్టం అన్న ప్రశ్నకి నష్టమేమీ ఉండదని ధీమాగా జవాబు చెప్పే రోజులు మాత్రం పోయాయి.

దోమల పేరుతో మనం చేసే పనుల్లో నాకు అన్నిటికంటే విడ్డూరంగా అనిపించేది గంబూసియా చేప. దోమపిల్లల్ని తింటుందని 1928లో మన దేశానికి తెచ్చారు, ఇప్పటికీ పట్టణాల్లో చెరువుల్లో, నూతుల్లో వదులుతుంటారు. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన వంద చొరబాటు జాతుల జాబితాలో దాని పేరుంది. అది దోమపిల్లని మాత్రమే ఏరుకుని తినదు కదా, నోటికి పట్టే ప్రతిదీ తింటుంది. కప్ప గుడ్లు, తోకకప్పలు అందులో మొదటి వరస. మేడ మీద ట్యాంకుకి మూత పెట్టుకోవడం బద్ధకమై, ఊరవతల మడుగులో చేప వదిలి డెంగీ మీద యుద్ధం చేస్తున్నామని అనుకోవడం మనకే చెల్లింది.

సుందరీకరణ అని ఇంకొకటి ఉంది. దాని మీద నాకున్న కోపం అంతా రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది, క్లుప్తంగా చెప్తాను. చెరువు చుట్టూ నిటారుగా సిమెంటు గోడ, పైన వాకింగ్ ట్రాక్, ప్రతి పదడుగులకీ ఎల్ఈడీ స్తంభం, మధ్యలో ఫౌంటెన్. కప్ప నీటి నుంచి నేలకీ, నేల నుంచి నీటికీ రాకపోకలు చేసే ప్రాణి. దాని ఇంటికి గుమ్మం లాంటిది ఆ ఏటవాలు మట్టి గట్టే. ఆ గట్టు తీసేశాక నీళ్లెంత తళతళలాడితే ఏం? రాత్రంతా వెలిగే లైట్ల కింద మగకప్పలు అరవడానికి వెనకాడతాయి, అరిచినా పిల్లుల కంట పడతాయి.

భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. సంతోషించాను, అందరికీ స్వీట్లు పంచాలనిపించింది. అవి వేల ఏళ్ల నేల, అందంగా ఉంటాయి, ఫొటో దిగొచ్చు, చుట్టూ కంచె వేసి ఇదిగో ఇదీ అని చూపించొచ్చు. గుంటకి ఆ యోగం లేదు. ఏటా ఆర్నెల్లు అది లేనట్టే ఉంటుంది. లేనప్పుడు కూడా ఉన్నట్టు లెక్క రాసుకునే పద్ధతి మన ఆఫీసుల్లో లేదు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు కూడా అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో ఉన్నవాటికీ, ప్రభుత్వం నోటిఫై చేసిన చోట్లకే, వరిపొలాలు, తాగునీటికీ సాగుకీ కట్టుకున్న మడుగులు వాటి పరిధిలోకి రావు. ఆ చట్టాన్ని సాగదీసి ప్రతి ప్లాటు మీదికీ తేవాలని నేను అడగడం లేదు. జీవితకాలం దాచుకున్న డబ్బుతో స్థలం కొనుక్కున్న మనిషిని కప్ప పేరు చెప్పి ఇల్లు కట్టుకోనివ్వకపోతే అది అన్యాయం, పైగా ఆయన మొదటి రాత్రే జేసీబీ పిలుస్తాడు. నేను చెప్పిన ఆ మధురవాడ ప్లాటులో ఇవాళ కాకపోతే రేపు ఇల్లు లేస్తుంది. లేవనీ.

అడగాల్సింది ఆ యజమానిని కాదు, మనందరి నేలల్ని చూసేవాళ్లని. ఈ ఊళ్లో ప్రహరీల లోపల ఉన్నంత ఖాళీ నేల బయట లేదు. ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంగణం, ఇంజినీరింగ్ కాలేజీలు, రైల్వే స్థలాలు, రేవు స్థలాలు, నేవీ కాలనీలు, పెద్ద ఫ్యాక్టరీల చుట్టూ పచ్చదనం కోసమని వదిలిన పట్టీలు, కాలనీల్లో పార్కుల పేరుతో చూపించిన జాగాలు. వీటిలో ప్రతిదాంట్లో ఒక పల్లపు మూల ఉంటుంది. ఆ మూలని పూడ్చకపోవడం తప్ప దానికి చెయ్యాల్సిన సేవ ఇంకేమీ లేదు. లైనింగ్ వద్దు, తామర మొక్కలు వద్దు, చేపలు అసలే వద్దు. రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టకుండా అక్కడే వదిలేయాలి. బుల్లికప్ప వేసవంతా గడిపేది వాటి కిందే. చుట్టూ పది పదిహేను గజాలు గడ్డిమందు కొట్టకూడదు. జూన్ నుంచి నవంబరు దాకా ఆ వైపు ఫ్లడ్‌లైటు వెయ్యకూడదు. హాస్టళ్లకీ, క్వార్టర్లకీ దూరంగా ఉన్న మూల ఎంచుకుంటే దోమల భయం కూడా ఆ మేరకి తగ్గుతుంది. పైసా ఖర్చు లేని పథకం కాబట్టే దీన్ని ఎవరూ పథకంగా గుర్తించరని నా అనుమానం.

అంత చిన్న ప్రాణికి ఇంత రాద్ధాంతమా అనేవాళ్లకి ఒక పాత సంగతి. ఒకప్పుడు మన దేశం నుంచి టన్నులకి టన్నులు కప్పకాళ్లు ఎగుమతయ్యేవి. పొలాల్లో పెద్ద కప్పలు ఖాళీ అయ్యే స్థితి వచ్చాక 1987లో ఎగుమతి ఆపేశారు. డాలర్లు తెచ్చే వ్యాపారాన్నే ఆపగలిగిన దేశం, రెండు లోడ్ల గ్రావెల్ ఆపలేదా? అప్పుడైనా పెద్ద కప్పకి కాళ్లున్నాయి, ధర ఉంది, ఎగుమతి లెక్క ఉంది, తగ్గిపోతే తెలిసింది. బుల్లికప్పని ఎవరూ తినరు, ఎవరూ అమ్మరు. 2023లో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఉభయచరాల్లో దాదాపు 41 శాతం ప్రమాదంలో ఉన్నాయి. బుల్లికప్ప ఇంకా ఆ 41 శాతంలో లేదు. దేశమంతా విస్తారంగా ఉన్న కప్ప అది. దేశమంతా ఉన్నది మా వీధిలో లేకుండా పోవడానికి మాత్రం ఏ జాబితా అడ్డురాదు, ఎందుకంటే వీధివారీ జాబితాలు ఎవరూ రాయరు. వాన కోసం కప్పని రోకలికి కట్టి వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి బిందెలతో నీళ్లు పోసిన జనం మనం. కప్పతల్లికి నీళ్లు పోసిన చేతులతోనే కప్ప గుంటకి గ్రావెల్ పోస్తున్నాం అని ఆ మీటింగులో అన్నాను. అందరూ నవ్వారు. తీర్మానం వాయిదా పడింది, నా మాట వల్ల కాదు, పేవర్ బ్లాకుల కొటేషన్ ఎక్కువ వచ్చిందట.

ఆ వాయిదా నాకు పనికొచ్చింది. మళ్లీ మీటింగు లోపు ప్రెసిడెంట్ గారికి ఒక ప్రతిపాదన రాసిచ్చాను: బెంచీలు నైరుతి మూలకి మార్చుకుందాం, అక్కడ నీడ కూడా ఉంది, ఈశాన్యంలో నీళ్లుంటే మంచిదని వాస్తు ఎలాగూ చెబుతోంది. వాస్తు మీద నాకు నమ్మకం లేదు, ఆయనకి ఉంది. ఆ లైను చదివి ఆయన కాసేపు ఆలోచించి, "కమిటీలో పెడదాం లెండి" అన్నారు. దోమల సంగతి మీరు చూసుకుంటారా అని కూడా అడిగారు. మేడలెక్కి ట్యాంకుల మూతలు, కూలర్ ట్రేలు చూసే పని వారానికోసారి నేను చేస్తానని ఒప్పుకున్నాను. ఈ ఊళ్లో ప్రాంగణాలు చూసుకునే ఇంజినీర్లు, ఏఈ గార్లు ఎవరైనా ఇది చదువుతుంటే నా మనవి ఒకటే. వేసవి పనుల ఎస్టిమేట్లు ఏప్రిల్‌లో నేల ఎండిపోయి ఉన్నప్పుడు రాస్తారు కాబట్టి, ఏ మూలన నీళ్లు నిలుస్తాయో కిందటేడు అక్టోబరు ఫొటోలు చూసి గుర్తు పెట్టుకోండి. ఆ మూల దగ్గరికి వచ్చేసరికి 'పల్లం పూడ్చుట, చదును చేయుట' అనే లైను కొట్టేయండి.